గోదావరి డెల్టా కల్లు: లొట్టి కొలత దాటని పానీయం

గోదావరి డెల్టాలో కల్లంటే ముందు తాటికల్లే. చలికాలంలో ఈతకల్లు, ఎగువన రంపచోడవరం మన్యంలో జీలుగుకల్లు దానికి తోడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల కింద భూమి వరిమడిగా మారాక కూడా తాటిచెట్టు పొలం గట్ల మీద, కాలువ ఒడ్డున, సముద్రతీరపు ఇసుకలో నిలిచింది. గీత వృత్తి శెట్టిబలిజ, గౌడ కుటుంబాలకు తరతరాల జీవనాధారం అయింది. ఇంత పాత పానీయానికి ఇన్ని పాళ్ళు ఇది, ఇన్ని పాళ్ళు అది అని చెప్పే వంటకం మాత్రం ఏ ఇంట్లోనూ లేదు. బీరుకు ఉంది. బీరు వంటకాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు, సముద్రం దాటించవచ్చు. కల్లును లొట్టి (చెట్టుకు కట్టే కుండ) కొలత దాటించబోయిన ప్రతిసారీ అది కల్లుగా మిగలలేదు. దీనికి కారణం గీత కార్మికుల వెనుకబాటుతనమని ఆబ్కారీ అధికారులు మొదలు అభివృద్ధి ప్రణాళికలు వేసినవారి దాకా చాలామంది అనుకున్నారు. అసలు కారణం పొయ్యి దగ్గర ఉంది. బీరు పులియడానికి ముందు మరుగుతుంది, కల్లు మరగదు.

మరగడం వల్ల ఏం ఒనగూరుతుందో బీరు చరిత్రే చెబుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్టును, వేడినీళ్ళలో నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని చేదు కోసం హాప్స్ పూలు వేసి గంటసేపు మరిగిస్తారు. దాంతో అందులోని సూక్ష్మజీవులు చస్తాయి. చల్లార్చి ఈస్ట్ కలిపేదాకా ఆ రసం కదలకుండా ఉంటుంది కాబట్టి దాన్ని కొలవవచ్చు. 1784లో ఇంగ్లండులో జాన్ రిచర్డ్‌సన్ రసంలోని చక్కెర సాంద్రతను కొలిచే సాకరోమీటర్ వాడకంపై పుస్తకం రాశాక బీరు తయారీ లెక్కల్లోకి వచ్చింది. తర్వాత బీరు ఇళ్ళలోకీ వచ్చింది. బ్రిటన్ 1963లో ఇంట్లో కాచుకునే బీరుకు లైసెన్సు అక్కర్లేదంది. అమెరికా సమాఖ్య చట్టం 1978లో దానికి అనుమతి ఇచ్చింది. 2003లో వచ్చిన బీర్‌స్మిత్ వంటి సాఫ్ట్‌వేర్లు ఆ లెక్కను వంటగదికి చేర్చాయి. 20 లీటర్ల బీరుకు రాసిన వంటకాన్ని 8 లీటర్లకు దించాలంటే అన్నీ 0.4తో గుణిస్తే చాలుననిపిస్తుంది. మాల్టుకు అది సరిపోతుంది, ఆవిరికి సరిపోదు. పెద్ద పాత్రలో 24 లీటర్లతో మొదలై గంటలో 4 లీటర్లు ఆవిరైతే, గుణకారం ప్రకారం చిన్న పాత్రలో 9.6 లీటర్ల నుంచి 1.6 పోవాలి. కానీ ఆవిరి పాత్ర మూతి వెడల్పును, మంట జోరును బట్టి పోతుంది, లోపలి పరిమాణాన్ని బట్టి కాదు. 2.6 లీటర్లు పోయిందనుకుంటే మిగిలేది 7 లీటర్లు. నీటితో పోలిస్తే 1.050 దగ్గర ఆగాల్సిన సాంద్రత 1.057కి చేరుతుంది. పాత్ర మరీ చిన్నదైతే చిక్కటి రసం మరిగించి చివర్లో నీళ్ళు కలుపుతారు. అప్పుడు హాప్స్ చేదు లెక్క కూడా మారుతుంది. విరివిగా వాడే టిన్‌సెత్ సూత్రం ప్రకారం గంట మరిగితే 1.050 రసంలో హాప్స్ చేదు పదార్థం 23 శాతం దాకా దిగుతుంది, 1.100 రసంలో 15 శాతం దగ్గరే ఆగుతుంది. ఈ సూత్రం ఎంత కచ్చితమన్నది బీరు చేసేవాళ్ళలో ఇంకా వాదనే. అయినా పాత్ర మారితే ఏది ఏ నిష్పత్తిలో మారుతుందో ముందే అంచనా వేయడానికి వీలుంది.

కల్లు దగ్గర ఆ వీలు లేదు. గెల కొన చెక్కి లొట్టి కట్టగానే కారే తియ్యటి రసంలో, అంటే నీరాలో, సుమారు పదో వంతు చక్కెర ఉంటుంది. నిన్నటి కల్లు అడుగున అంటిన ఈస్ట్ ఆ లొట్టిలోనే ఉంటుంది. గాలి నుంచీ పురుగుల నుంచీ మరికొంత చేరుతుంది. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా, ఎసిటిక్ ఆమ్ల బ్యాక్టీరియా కూడా అప్పుడే పని మొదలుపెడతాయి. ముడిసరుకు చేతికి అందేసరికే తయారీ సగం నడిచిపోయి ఉంటుంది. పొద్దున్నే దించినది తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. ఒక్క రోజులో 4, 5 శాతం ఆల్కహాలు చేరే ఈ పరుగులో వంటకం రాయడానికి ఆగే చోటే లేదు. అదే చెట్టు నీరాను సున్నం పూసిన లొట్టిలో పట్టి పులియకుండా ఆపి వెడల్పాటి పెనంలో కాచితే తాటిబెల్లం అవుతుంది. పది లీటర్లకు కిలో పైచిలుకు వస్తుంది. పెనం వెడల్పు పెరిగితే పాకం త్వరగా దిగుతుందని బెల్లం కాచేవారికి తెలుసు. సాఫ్ట్‌వేర్ ఆవిరి లెక్కలో ఉన్నదీ ఆ తెలివిడే. అంటే డెల్టాకు కొలత తెలియక కాదు. కాచే సరుకుకు కొలత ఉంది, కాచని సరుకుకు లేదు.

ప్రభుత్వ చరిత్ర కూడా ఈ తేడా చుట్టూనే తిరిగింది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం తర్వాతి దశాబ్దాల్లో సారాను పెద్ద బట్టీలకు తరలించి, అక్కడి నుంచి దుకాణాలకు సరఫరా చేశారు. 19వ శతాబ్దపు చివరి ఏళ్ళలో సామర్లకోటలో దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ చక్కెర ఫ్యాక్టరీతో పాటు బట్టీ కూడా నడిపింది. బట్టీ గేటు దగ్గర కొలత పెట్టి పన్ను వసూలు చేయడం ఆబ్కారీ శాఖకు సులువు. కల్లుకు గేటే లేదు. అందుకే చెట్లకు గుర్తులు వేసి, చెట్టుకింత అని పన్ను కట్టించుకున్నారు. పానీయాన్ని కొలవలేని రాజ్యం చెట్లను లెక్కపెట్టుకుంది! 1937లో రాజాజీ ప్రభుత్వం సేలంలో మొదలుపెట్టిన మద్య నిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పాకి గోదావరి జిల్లాలకూ వచ్చింది. గీత కార్మికులను తియ్యటి నీరా వైపు, తాటిబెల్లం సహకార సంఘాల వైపు మళ్ళించే ప్రయత్నం జరిగింది. సర్కారు చేతనైనంతలో కల్లును కాచే సరుకుగా మార్చబోయిందన్నమాట. 1968 ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చాక కల్లు దుకాణాలు మళ్ళీ తెరిచారు. 1995 మద్య నిషేధ చట్టం కల్లును నిషేధం పరిధిలోకి తేలేదు.

హైదరాబాదు, తెలంగాణ డిపోల్లో కల్లు భారీ ఎత్తున అమ్ముడయ్యేది కదా అని ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నిజమే. కానీ చెట్లు ఇచ్చినదానికంటే ఎక్కువ సీసాలు నింపడానికి నీళ్ళు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్ కలిపిన కేసులు దశాబ్దాలుగా బయటపడుతూనే ఉన్నాయి. అక్కడ పెరిగింది కల్తీ రసాయనం, కల్లు కాదు. శ్రీలంకలో కల్లును సీసాల్లో అమ్ముతున్నారన్నది ఇంకో అభ్యంతరం, ఇది మొదటిదానికంటే బలమైనది. అయితే ఆ కల్లును వేడి చేసి సూక్ష్మజీవులను చంపాకే సీసా మూత బిగిస్తారు. పులుపు పరుగును వేడితో ఆపినప్పుడే రవాణా సాధ్యమైందంటే, అది ఈ వాదనకు సాక్ష్యమే. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో మంట పనిని చలి చేస్తుంది. దించిన వెంటనే శీతలీకరించిన నీరా పులియదు, కనుక అది కల్లూ కాదు. తూర్పు కనుమల అంచున పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి, నీరా ఉత్పత్తుల మీద చేస్తున్న పని కూడా ఈ దారిలోదే.

రాజమండ్రిలో ఒకరు చిన్న గిన్నెలో బీరు కాచుకుందామంటే లెక్క చెప్పే సాఫ్ట్‌వేర్ ఫోనులో దొరుకుతుంది, చట్టం మాత్రం ఒప్పుకోదు. 1968 చట్టం కింద లైసెన్సు లేని మద్యం తయారీ నేరం, సొంతానికి కాచుకునేవారికీ మినహాయింపు లేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం, ఇద్దరు పెద్దలున్న ఇల్లయితే, సమాఖ్య చట్టం ప్రకారం ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 757 లీటర్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు. ఇక్కడి చట్టం కల్లు గీతకు లైసెన్సును గీత సహకార సంఘాలకూ, ‘గీసేవాడికే చెట్టు’ పద్ధతి కింద విడి కార్మికులకూ ఇస్తుంది. ఆ లైసెన్సుకు ఇప్పటికీ ఆధారం గీసే చెట్ల సంఖ్యే.