ముద్ర చెడిన వర్తకుడు



కృష్ణపట్నపు రేవును గూర్చి ప్రసంగించువారు సాధారణముగా ఓడలతో ఆరంభింతురు. నేను నేడు ఒక తాళపుచెవితో ఆరంభించుచున్నాను. అది ఇనుముతో చేసినది కాదు, బొటనవ్రేలంత పరికరము. దానిని కంప్యూటరునకు తగిలించి, రహస్యసంకేతము నిచ్చినగాని, దిగుమతియైన సరకునకు సంబంధించిన పత్రములపై సంతకము పడదు. వాడుకలో దానిని టోకెన్ అందురు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఇట్టి డిజిటల్ సంతకమునకు చేవ్రాలుతో సమానమైన ప్రామాణ్యమును కల్పించినది. పూర్వము రాజుల ఉంగరమునకు చెల్లిన గౌరవమే నేడు దీనికి చెల్లుచున్నది.

కొన్నియేండ్ల క్రిందట, రేవు వ్యవహారములు చక్కబెట్టు ఒక చిన్న కచేరిలో పనిచేయుచున్న నా పూర్వశిష్యుని చూడబోయితిని. అతని మొగము వాడియుండెను. ముందునాటి రాత్రి కంప్యూటరు తనంతట తానే క్రొత్త సాఫ్ట్‌వేరును దించుకొన్నదట. తెల్లవారి టోకెన్ తగిలించగా, 'ఈ పరికరమును గుర్తింపలేదు' అని తెరమీద వ్రాత కనబడెను. టోకెనునకును కంప్యూటరునకును నడుమ దుబాసివలె మాటలు చేరవేయు సాఫ్ట్‌వేరు ఒకటి యుండును. దానికి డ్రైవర్ అని పేరు. ఆ దుబాసికి పాతభాషయే తెలియును. కంప్యూటరో క్రొత్తభాష నేర్చినది. మూలబడియున్న పాత కంప్యూటరును దుమ్ము దులిపి తెచ్చిరి. అది టోకెనును గుర్తించినది గాని, పత్రములు సిద్ధపరచు క్రొత్త సాఫ్ట్‌వేరు దానిలో నడువలేదు. ఈ తొందరలో నెవరో సంకేతమును పలుమారులు తప్పుగా కొట్టిరి. నియమితమైన సంఖ్య దాటగానే టోకెన్ తన్ను తాను బంధించుకొన్నది. లోపలి రహస్యమును ఇక నెవరును వెలికి తీయజాలరు, క్రొత్తది సంపాదింపవలసినదే.

సరకు నిజమైనది. సుంకమునకు సొమ్ము సిద్ధముగా నున్నది. తెప్పించినవాడు అప్పుచేసి వర్తకము సాగించు చిన్నవాడు. ఆలస్యమునకు రుసుము దినదినము పెరుగుచుండెను. 'అయ్యవారూ, దొంగ రాకుండ వేసిన బీగము నన్నే లోనికి రానీయలేదు' అని నా శిష్యుడు వాపోయెను. ఆ మాట విన్నది మొదలు, మన పూర్వులు ఇట్టి చిక్కును ఎట్లు చూచిరో పరిశీలింపవలెనను కోరిక నాకు కలిగినది.

మైసూరు ప్రాచ్యగ్రంథాలయములో 1905లో ఆర్. శామశాస్త్రిగారి కంటబడి, 1909లో వారిచే ముద్రితమైన కౌటిలీయార్థశాస్త్రము మీ రెరుగుదురు. అందు రెండవ అధికరణములో శుల్కాధ్యక్షుని ప్రకరణము కలదు. వర్తకులు సుంకపుచోటికి రాగానే, వారెవరు, ఎచటినుండి వచ్చిరి, సరకెంత, మొదట ముద్ర ఎచట పడినది అను నంశములను అధికారులు వ్రాసికొనవలెను. ముద్ర లేని సరకునకు సుంకము రెండింతలు. ముద్ర దొంగదైనచో ఎనిమిదింతలు. ముద్ర ఉండియు పగిలినదైనచో, ఆ వర్తకుడు ఘటికాస్థానమున నిలువవలెను.

ఈ మూడింటి తారతమ్యమును గమనింపుడు. అశ్రద్ధకు ఒక దండన, మోసమునకు దానికి నాలుగింతల దండన. విరిగిన ముద్రకో నిలిచియుండుట మాత్రమే. కౌటిల్యుడు జాలిగుండె గలవాడని ఎవ్వరును అనరు. అయినను, దారిలో బండి కుదుపునకు ముద్ర పగులునని ఆయన ఎరుగును. పగిలిన ముద్రగలవానిని దొంగముద్రవానితో ఒకే గాట కట్టలేదు. మన టోకెన్ ఈ భేదమును ఎరుగదు. సంకేతమును మరచిన యజమానియు, అపహరింప వచ్చిన చోరుడును దానికి ఒక్కటే.

అట్లని ముద్రకు కావలి అక్కరలేదని నేను చెప్పను. విశాఖదత్తుని ముద్రారాక్షసము చదివినవారికి ఈ సంగతి విదితమే. రాక్షసమంత్రి ఉంగరము చాణక్యుని చేతబడినది. దానితో ముద్రించిన లేఖ రాక్షసునిదే యని లోకము నమ్మినది. ఆయన పక్షమంతయు కూలినది. ఉంగరము ధరించినవానిని అది 'నీ వెవడవు?' అని అడుగలేదు. టోకెన్ అడుగును. దాని గర్భమున రహస్యపు చెవి యొకటి యుండును. దానికి జతయైన బహిరంగపు చెవి లోకమునకు తెలిసియుండును. మొదటిదానితో చేసిన సంతకమును రెండవదానితో పరీక్షింపవచ్చును గాని, రెండవదానినిబట్టి మొదటిదానిని కనుగొనుట దుస్సాధ్యము. ఇట్టి జంటచెవుల పద్ధతి నొకదానిని 1977లో రివెస్టు, షమీరు, ఆడిల్‌మను అను మువ్వురు పండితులు రూపొందించిరి.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలోను కావలి కలదు. రేకులకు రంధ్రముచేసి, కడియము దూర్చి, దాని కొనలను వరాహలాంఛనమును 'శ్రీ త్రిభువనాంకుశ' యను బిరుదమును గల ముద్రలో కూర్చిరి. కడియమును కోయక రేకును మార్చుట అలవిగాదు. విజయనగరరాజులు శాసనమును నందినాగరిలో వ్రాయించి, తుదను 'శ్రీ విరూపాక్ష' యను చేవ్రాలును తెలుగు-కన్నడ లిపిలో ఉంచిరి. ఒకే రేకుమీద రెండు లిపులు కలహింపక నిలిచినవి. యంత్రములకు ఈ సహనము తక్కువ. వేరువేరు తొడుగుల నన్నిటిని ఒక్కటిచేయ నుద్దేశించిన యు.ఎస్.బి. పద్ధతి 1996లో వెలువడినది. 2014లో వచ్చిన సి రకపు రంధ్రములో పాత టోకెన్ నడుమ మరియొక తొడుగు లేక పట్టదు.

ఇక మన కోస్తాకు వత్తము. మా రేవు 2008లో ప్రారంభమైన క్రొత్త రేవుతో పుట్టినది కాదు. కొల్లితురై యనియు, గండగోపాలపట్టణ మనియు దీనికి శాసనములయందు పేరులు కలవు. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగారలు ప్రకటించిన నెల్లూరుజిల్లా శాసనసంపుటములను తిరుగవేసినవారికి ఈ సీమ ప్రాచీనత తెలియును. ఇదే తీరమున ఉత్తరముగా మోటుపల్లి కలదు. అచట 1244-45 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు అభయశాసనము వేయించెను. గాలివానకు చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలిమిని లాగుకొనుచుండిరి. ప్రాణముకంటె ధనము మిన్న యని తలచి సముద్రమును దాటు సాహసికులయెడ దయదలచి, తాను నియతమైన సుంకము మాత్రమే కొందునని గణపతిదేవుడు శిలపై పలికెను. ఆ సుంకము ముప్పదింట ఒకపాలు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డియు అచటనే వర్తకులకు అభయమిచ్చి మరియొక శాసనము వేయించెను.

రక్షణ యనగా దొంగను ఆపుట యొక్కటే కాదని ఆ శిల చెప్పుచున్నది. తుపానులో చిక్కినవాని సొత్తు వానికి దక్కునట్లు చేయుటయు రక్షణయే. కంప్యూటరు రాత్రికి రాత్రి మారి చెవి చెల్లకపోవుటయు నొక చిన్న తుపానే. వర్తకుని తప్పు అందు లేదు. కావున యంత్రములను నిర్మించువారికి నా విన్నపములు మూడు. పాత చెవి చెల్లని దినమును ముందుగానే చాటింపుడు. క్రొత్త సాఫ్ట్‌వేరు పాత పరికరమును కొంతకాలమైనను గుర్తించునట్లు చేయుడు. ముద్ర చెడినవాడు ఇతర సాక్ష్యములతో తానెవడో నిరూపించుకొనుటకు ఒక ఘటికాస్థానమును ఏర్పరుపుడు. అచట యంత్రము కాక మనుష్యుడు కూర్చుండవలెను. దుష్యంతుని సభలో శకుంతల నిలిచియుండగా, ఉంగరము లేదను నొక్క కారణమున ఆమె పలికిన సత్యము చెల్లలేదు. శాపవశమున మరచిన రాజునకు క్షమ కలదు. బుద్ధిపూర్వకముగా అట్టి సభను నిర్మించువారికి లేదు.

నా శిష్యునకు క్రొత్త టోకెన్ వచ్చుటకు నాలుగు దినములు పట్టినది. రుసుము చెల్లించి సరకు విడిపించిరి. ఆ చిన్న వర్తకునికి ఆ విడత లాభము మిగులలేదు. పిమ్మట ఒకనాడు నేను మరల పోయినప్పుడు, కచేరిలో క్రొత్త కంప్యూటరు ప్రక్కనే పాతదియు, గుడ్డ కప్పబడి, సిద్ధముగా నుండెను. 'దీనిని తీసివేయవా?' అని అడిగితిని. 'ఉండనిండు అయ్యవారూ. ఏది ఎప్పుడు దేనిని గుర్తుపట్టునో!' అని నా శిష్యుడు నవ్వెను.

సెలవు.