పుట్టాక పూర్తయ్యే గ్రూపు

కాన్పయిన రోజే బొడ్డుతాడు రక్తంతో పరీక్ష చేసి బిడ్డ గ్రూపు కార్డు మీద రాసేస్తారు. ఆ గ్రూపు ఏదో తల్లిదండ్రుల జన్యువులు బిడ్డ కడుపులో పడ్డనాడే తేల్చేశాయి. కానీ జన్యువు తేల్చడం వేరు, ఆ గుర్తు ఎర్ర రక్తకణం మీద నిండుగా అమరడం వేరు. ఆ గుర్తులైన ఏ, బీ యాంటీజెన్లు పెద్దల స్థాయికి చేరడానికి రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది.

ఏ, బీ, ఓ తేడాలను వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో బయటపెట్టాడు. ఇవి వంశపారంపర్యంగా వస్తాయని 1910లో హైడెల్‌బర్గ్‌లో వాన్ డుంగెర్న్, హిర్ష్‌ఫెల్డ్ కుటుంబాలను పరీక్షించి చూపారు. 1990లో యమమోటో బృందం ఆ జన్యువునే చదివింది. తొమ్మిదో క్రోమోజోమ్ మీదున్న ఈ జన్యువు చేసేది యాంటీజెన్‌ను కాదు, ఒక ఎంజైమ్‌ను. కణం మీది చక్కెర గొలుసు చివర మరో చక్కెరను తగిలించడం ఆ ఎంజైమ్ పని. ఏ ఎంజైమ్‌కూ బీ ఎంజైమ్‌కూ తేడా నాలుగే అమైనో ఆమ్లాలు. సాధారణంగా కనిపించే ఓ జన్యువులో ఒక్క అక్షరం జారిపోయి ఎంజైమ్ పనికిరాకుండా పోయింది.

పసిపిల్లల్లో ఎంజైమ్ ఉన్నా, అది చక్కెర తగిలించడానికి గొలుసు చివర్లే తక్కువ. పెద్దవారి ఏ1 (ఏ గ్రూపులో ఒక రకం) కణం మీద ఏ యాంటీజెన్లు సుమారు 8 లక్షల నుంచి 11 లక్షల దాకా ఉంటే, నవజాత శిశువు కణం మీద రెండున్నర నుంచి మూడున్నర లక్షలే. ఎందుకంటే శిశువు గొలుసులు కొమ్మల్లేకుండా తిన్నగా ఉంటాయి.

ఈ సంగతి తెలిసిన తీరే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ వీనర్ బృందం, చల్లదనంలో కణాలను గుచ్ఛాలు కట్టించే ఒక రోగి యాంటీబాడీతో 22 వేలకు పైగా రక్త నమూనాలను పరీక్షించింది. దాదాపు అన్నీ స్పందించాయి, ఐదు మాత్రం స్పందించలేదు. ఆ యాంటీబాడీ పట్టుకునే యాంటీజెన్‌కు ‘ఐ’ (పెద్ద అక్షరం I) అని పేరు పెట్టారు. తర్వాత ఇంగ్లండ్‌లో మార్ష్ దీనికి ఎదురు జోడైన ‘చిన్న ఐ’ని (i) గుర్తించాడు. బొడ్డుతాడు రక్తంలో చిన్న ఐ దండిగా, పెద్ద ఐ అతి స్వల్పంగా ఉంటాయనీ, మొదటి ఏడాదిన్నరలో ఈ వరస తారుమారవుతుందనీ 1961లో చూపాడు. తిన్నని గొలుసు చిన్న ఐ, కొమ్మలేసిన గొలుసు పెద్ద ఐ. కొమ్మ పెరిగితే ఏ, బీ గుర్తులు అమరే చోట్లూ పెరుగుతాయి.

ఆర్‌హెచ్ సంగతి వేరు. అది చక్కెర కాదు, జన్యువు నేరుగా తయారుచేసే ప్రోటీన్. గర్భంలో తొలి నెలల్లోనే పూర్తిగా ఏర్పడుతుంది. అందుకే ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లిలో ఆ ప్రోటీన్‌కు ఎదురైన యాంటీ-డి అనే యాంటీబాడీ ఏర్పడితే, పాజిటివ్ బిడ్డకు ప్రాణాపాయం కలగవచ్చు. అదే ఓ గ్రూపు తల్లికి ఏ లేదా బీ బిడ్డ పుడితే సాధారణంగా ఒక మోస్తరు కామెర్లతో గడిచిపోతుంది. బిడ్డ కణాల మీద యాంటీజెన్లు పలుచగా ఉండటం దీనికి ఒక కారణం.

ల్యాబులో మరో సంగతి గమనించాలి. పెద్దలకు కణాలతో ఒకసారి, సీరంలోని యాంటీబాడీలతో ఒకసారి పరీక్షించి రెండూ కలిస్తేనే గ్రూపు ఖాయం చేస్తారు. నవజాత శిశువు సీరంలోని యాంటీబాడీలు తల్లి నుంచి వచ్చినవే. సొంతవి మూడు నుంచి ఆరు నెలలకు గాని తయారుకావు. కాబట్టి మొదటి రోజు చూసేది కణాల గ్రూపు ఒక్కటే. యాంటీజెన్ బలహీనంగా ఉంటే ఫలితం సందేహంలో పడుతుంది. రెండేళ్లు దాటాక మళ్లీ పరీక్ష చేయించి రాసుకోమని తల్లిదండ్రులకు నా సలహా.

ఇక గొలుసులకు కొమ్మలు వేయించే జన్యువు జీసీఎన్‌టీ2 ఆరో క్రోమోజోమ్ మీద ఉంది. అది మూడు రకాల ఎంజైములు చేస్తుంది. ఎర్ర రక్తకణాల్లో ఒకటి, కంటి కటకంలో మరొకటి ముఖ్యం. వాటి ఉమ్మడి భాగం చెడితే పెద్దయినా రక్తంలో చిన్న ఐ ఉండిపోతుంది, పుట్టుకతోనే శుక్లాలు కూడా వస్తాయి. జపాన్, తైవాన్ కుటుంబాల్లో ఇది కనిపించింది. ఎర్రకణాల భాగం ఒక్కటే చెడితే కళ్లకు హాని ఉండదు. కణం ముదిరే దశలో ఈ జన్యువును మేల్కొలిపేది సీఈబీపీ-ఆల్ఫా అనే ప్రోటీనని 2007లో తైవాన్ పరిశోధకులు చూపారు. థలసీమియాలో ఎముక మజ్జ తొందరపడి కణాలను ముదరకముందే పంపేస్తుంది. ఆ పిల్లల ఎర్రకణాల మీద చిన్న ఐ మళ్లీ పెరుగుతుంది.