తుపాకీ ఆమె చేతిలో, ప్రార్థన ఇద్దరి నోటా

లినెట్ ఈసన్ 2016లో వెలువరించిన 'ఆల్వేస్ వాచింగ్' నవలలో తుపాకీ పట్టింది ఒలీవియా ఎడ్వర్డ్స్. ప్రాణభయం వేడ్ సావేజ్‌ది. రేడియో కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న అతని వెంట ఎవరో పడ్డారు. అతన్ని కాపాడే బాధ్యత దక్షిణ కరోలినాలోని ఎలీట్ గార్డియన్స్ అనే సంస్థకు అప్పగించారు. ఒలీవియా నడిపే ఆ సంస్థలో అంగరక్షకులంతా ఆడవాళ్లే. దేవుడు, ప్రేమ, తూటా ఇలా ఒకే నవలలో కలిసే రోజు రావడానికి మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది.

నవల అంటేనే ప్రొటెస్టంట్ పెద్దలకు చాలాకాలం అనుమానం. కల్పిత కథలు మనసును పక్కదారి పట్టిస్తాయని వాళ్ల భయం. మన సంఘాల్లో 'యాత్రికుని ప్రయాణము'గా తెలిసిన జాన్ బన్యన్ పుస్తకం 1678లో వచ్చి, కథ కూడా ప్రసంగం పని చేయగలదని చూపించింది. 1850లో అమెరికా రచయిత్రి సుసాన్ వార్నర్ 'ది వైడ్, వైడ్ వరల్డ్'లో తల్లికి దూరమైన చిన్నపిల్ల కన్నీళ్లనే విశ్వాస పాఠంగా మలిచింది. ఆ తర్వాత వచ్చిన గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ (1865–1947) నూరుకు పైగా పుస్తకాలు రాసింది. భక్తిగల అమ్మాయి, ఆమె మంచితనం చూసి మారే అబ్బాయి, చివర పెళ్లి. క్రైస్తవ ప్రేమకథకు ఈనాటికీ పునాది ఆమె వేసిందే అంటాను. అయితే ఆ నాయికల బలమంతా ఓర్పులోనే ఉండేది.

1979లో కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' వచ్చింది. పడమటి దిక్కుగా కొత్త బతుకు వెతుక్కుంటూ వెళ్తూ భర్తను పోగొట్టుకున్న మార్టీ, తల్లిలేని పసిబిడ్డతో మిగిలిన క్లార్క్ అవసరం కొద్దీ పెళ్లి చేసుకుంటారు. ప్రేమ నెమ్మదిగా తర్వాత వస్తుంది. ఆ పుస్తకానికి దొరికిన ఆదరణ చూశాకే క్రైస్తవ ప్రచురణకర్తలకు ఈ దారి మీద గురి కుదిరింది. అప్పటిదాకా మామూలు ప్రేమ నవలలు రాసిన ఫ్రాన్సీన్ రివర్స్ విశ్వాసంలోకి వచ్చాక, 1991లో హోషేయ ప్రవక్త కథను కాలిఫోర్నియా బంగారు గనుల కాలానికి తెచ్చి 'రిడీమింగ్ లవ్' రాసింది. ప్రేమ నవలలకు పేరుమోసిన హార్లెక్విన్ సంస్థ 1997లో లవ్ ఇన్‌స్పైర్డ్ పేరుతో క్రైస్తవ శ్రేణి మొదలుపెట్టి, 2005లో దానికి సస్పెన్స్ శాఖను జోడించింది.

ఆడది ప్రమాదానికి ఎదురెళ్లడం ఈ సస్పెన్స్ కథల్లోనే బలపడింది. డీ హెండర్సన్ 2000లో రాసిన 'ది నెగోషియేటర్'లో కేట్ ఒమాలీ వృత్తే బందీలను పట్టుకున్నవాళ్లతో మాట్లాడి ప్రాణాలు కాపాడడం. విశ్వాసి ఆమె కాదు, ఆమెను ప్రేమించే ఎఫ్‌బీఐ అధికారి డేవ్. హిల్ కాలపు అమరిక ఇక్కడ తలకిందులైంది. 2010లో మార్గరెట్ డేలీ అంగరక్షకురాళ్లే నాయికలుగా 'గార్డియన్స్, ఇంక్' వరస ఆరంభించింది. ఈసన్ నవల ఆ బాటలోనే వచ్చింది.

ఇదంతా రచయిత్రుల ఊహే అనుకుంటే కేట్ వార్న్‌కు అన్యాయం చేసినట్టే. 1856లో షికాగోలో అలెన్ పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో చేరిన స్త్రీ ఆమె. 1861 ఫిబ్రవరిలో, ప్రమాణ స్వీకారానికి వెళ్తున్న లింకన్‌ను బాల్టిమోర్‌లో చంపే కుట్ర ఉందని పింకర్టన్ మనుషులు పసిగట్టారు. జబ్బుపడిన సోదరుణ్ణి తీసుకెళ్తున్నానని చెప్పి రాత్రి రైల్లో పడక బెర్తులు సంపాదించింది కేట్. ఆ సోదరుడు లింకన్. ఆ రాత్రి ఆమె కన్ను మూయలేదనీ, తాము నిద్రపోమని చాటే పింకర్టన్ నినాదం అందులోంచే పుట్టిందనీ చెబుతారు. అమెరికా సీక్రెట్ సర్వీస్ మాత్రం స్త్రీలను ఏజెంట్లుగా తీసుకోవడానికి 1971 డిసెంబరు దాకా ఆగింది. అప్పుడు ప్రమాణం చేసినవాళ్లు ఐదుగురు.

నిద్రపోని కాపరి అనగానే బైబిలు తెలిసినవాళ్లకు 121వ కీర్తన గుర్తొస్తుంది. ఆ వెంటనే 127వది కూడా. దేవుడు కాయని పట్టణానికి కావలివాడు మేలుకుని ఉండి లాభం లేదంటుంది అది. నా దృష్టిలో ఈ నవలల ప్రాణం ఈ రెండు కీర్తనల మధ్య ఉంది. అంగరక్షకురాలి వృత్తి ఆమెను రెప్ప వాల్చవద్దంటుంది. ఆమె విశ్వాసం, అంతా నీ చేతిలో లేదంటుంది. పూర్వం ఎవరినో కాపాడలేకపోయిన అపరాధ భావం మోస్తున్న స్త్రీకి ఆ రెండో మాట ఒప్పుకోవడం, దుండగుణ్ణి పట్టుకోవడం కన్నా కష్టం.

ఈ పుస్తకాలు పుట్టిన నేల మరొకటి గుర్తుచేస్తుంది. 1987లో మసాచుసెట్స్‌లోని డాన్వర్స్‌లో తయారైన ఒక క్రైస్తవ ప్రకటన, కుటుంబంలో, సంఘంలో నాయకత్వం పురుషుడిదని గట్టిగా చెప్పింది. ఇవాంజెలికల్ పాఠకుల్లో దానికి చాలా పలుకుబడి ఉంది. అదే పాఠకుల ముందు, ఒక మగవాడు ఆడదాని వెనక నిలబడి ప్రాణం దక్కించుకునే కథ పెట్టడం చిన్న సాహసం కాదు. దానికి లేఖనాల్లో ఆధారం లేకపోలేదు. దావీదును కిటికీలోంచి దించి బతికించింది భార్య మీకాలు. వేగులవాళ్లను మిద్దె మీద దాచింది రాహాబు. మత్తయి సువార్త వంశావళిలో ఆమె శల్మాను భార్యగా, యేసు పూర్వీకురాలిగా కనిపిస్తుంది.

ప్రేమ సంగతికొస్తే, క్రైస్తవ ప్రచురణలో పెళ్లికి ముందు హద్దు దాటే సన్నివేశాలకు చోటులేదు. మామూలు ప్రేమకథలో ఆ దూరం రచయిత గీసిన గీతలా కనిపిస్తుంది. అంగరక్షకురాలి కథలో అది వృత్తి ధర్మం. మనసు మళ్లిందంటే చూపు మళ్లుతుంది, చూపు మళ్లిందంటే మనిషి పోతాడు. నిగ్రహానికి ఇంత బలమైన కారణం ఈ తరహా నవలల్లో మరెక్కడా దొరకదు.

ప్రార్థన చేయగానే తూటా గురి తప్పే కథలు ఈ కోవలో బలహీనమైనవి. నాయిక భయపడుతూనే నిలబడే కథలు మంచివి. చదవదలచినవారు ముందు 'ది నెగోషియేటర్', ఆపై 'ఆల్వేస్ వాచింగ్' చదవండి. ఎలీట్ గార్డియన్స్ వరసలో మొదటిది అదే.