డవాలు ఎవరిది? – అమెరికా అధ్యక్షుని విమానానికి వేసిన రంగుల చరిత్ర

విమానం ఒంటిమీది రంగులను, రాతలను కలిపి ఆంగ్లంలో ‘లివరీ’ అంటారు. ఈ మాట పుట్టుక విమానాలకంటె, రైళ్ళకంటె చాల పాతది. పూర్వం ఐరోపాలోని ప్రభువులు తమ సేవకులకు ఇచ్చే దుస్తులకు ఆ పేరు. వాని రంగును బట్టి ఆ సేవకుడు ఏ ఇంటివాడో వీధిలోని వారికి తెలిసిపోయేది. మన కచేరీలలో డవాలు బంట్రోతు ఉండేవాడు కదా! భుజంమీదుగా వేలాడే ఆ పట్టీ, దానిమీది ఇత్తడి బిళ్ళ అతడు సర్కారు మనిషి అని చాటేవి. బిళ్ళ కలెక్టరు సొంతం కాదు. కలెక్టరు మారినా బిళ్ళ మారేది కాదు. అమెరికా అధ్యక్షుని విమానానికి ఏ రంగు వేయాలన్న వివాదం కొన్నేళ్ళుగా సాగుతున్నది. రంగుల వెనుక ఉన్న అసలు ప్రశ్న, ఆ డవాలు ఎవరిది అన్నదేనని నా అభిప్రాయం.

ఈ కథకు 1962 ప్రధానమైన మలుపు. అంతకు ముందు అధ్యక్షులు విమానాలెక్కలేదని కాదు. 1947లో ట్రూమన్‌కు వచ్చిన ‘ఇండిపెండెన్స్’ విమానానికి ముక్కుభాగం గరుడపక్షి శిరస్సులాగా, తోక ఈకలలాగా చిత్రించారు. చూడముచ్చటైనదే గాని కొంచెం బొమ్మలకొలువు వాసన వేస్తుంది. 1959లో జెట్ విమానాలు వచ్చినప్పుడు వానిమీద సైనిక రవాణా విభాగం పేరు, దూరానికి కనిపించేందుకు పూసిన నారింజ ఎరుపు రంగు ఉండేవి. అధ్యక్షుడు వాటిలో తిరిగినా, చూసేవారికి అవి సైన్యం బండ్లే.

కెన్నెడీ కోసం కొత్త బోయింగ్ 707 తయారవుతున్న రోజులలో రేమండ్ లోవీ రంగప్రవేశం చేశాడు. ఈయన ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన రూపశిల్పి. లక్కీ స్ట్రైక్ సిగరెట్టు పెట్టె మొదలు పెన్సిల్వేనియా రైలు యంత్రాల వరకు ఆయన చేయి పడని వస్తువు అరుదు. విమానానికి వాయుసేన అనుకొన్న ఎరుపు–బంగారు రంగులు మోటుగా ఉన్నాయని శ్వేతసౌధంలో తనకు తెలిసిన ఒక సైనికాధికారితో ఆయన అన్నాడట. ఆ మాట అధ్యక్షుని చెవిన పడింది, పిలుపు వచ్చింది. ఓవల్ కార్యాలయపు నేలమీద కూర్చుండి ఇద్దరూ రంగు కాగితాలు కత్తిరించుకొంటూ ఆలోచించారని లోవీ తరువాత చెప్పుకొన్నాడు. ఒక మహారాజ్యాధినేత నేలమీద చతికిలబడి కత్తెర పట్టుకొన్నాడన్నది నాకు ఈ కథలోకెల్లా ఇష్టమైన ఘట్టం. నీలం కెన్నెడీకి ప్రియమైన రంగు కనుక నీలమే నిలిచింది. ఊర్ధ్వభాగం తెలుపు, ముక్కున రెండు నీలిఛాయలు, అడుగున మెరుగుపెట్టిన అల్యూమినియం.

భాషాధ్యాపకుడనైన నన్ను ఆకర్షించినవి మాత్రం అక్షరాలు. వాయుసేన పేరు తొలగి, విమానం పొడుగునా ‘యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా’ అని దేశం పేరు వచ్చింది. ఆ అక్షరాల పోలికను లోవీ 1776లో మొదట అచ్చయిన స్వాతంత్ర్య ప్రకటన ప్రతినుండి గ్రహించాడు. పెద్ద అక్షరాలు, మధ్య మధ్య ఊపిరి తీసుకొనేంత ఎడం. ఆ ప్రకటనను కూర్చిన క్యాస్లన్ అచ్చుటక్షరాలు ఒక ఇంగ్లీషువాడు చెక్కినవి! ఇంగ్లండు రాజును ధిక్కరించిన పత్రం ఇంగ్లండు అక్షరాలలోనే వెలువడినదన్నమాట. లిపికి పగలుండవు.

ఇంతవరకు ఇది ఒక అధ్యక్షుని అభిరుచి మాత్రమే. దానిని జాతి చిహ్నంగా మార్చినది 1963 నవంబరు 22. డాలస్‌లో హతుడైన కెన్నెడీ శవపేటికను ఆ విమానంలోకే ఎక్కించారు. దానికి చోటు చాలక వెనుకభాగంలో ఆసనాలు తీసివేసి, అడ్డగోడను కొంత కోసివేశారు. జాన్సన్ ప్రమాణస్వీకారం చేసినది ఆ విమానంలోనే. ఆ రాత్రి రాజధానిలో దిగిన నీలి–తెలుపు విమానాన్ని దేశమంతా టెలివిజన్‌లో చూచింది. నాకు దానిని ఒహాయో రాష్ట్రంలోని డేటన్ వాయుసేన మ్యూజియంలో చూచే అవకాశం కలిగింది. లోపల నడవ ఎంత ఇరుకంటే నా వెనుక వచ్చినవారు నా కోసం ఆగవలసి వచ్చింది. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ గట్టిగా మాట్లాడనూ లేదు.

1990లో పెద్ద 747లు వచ్చినప్పుడు కూడ ఆ రంగులే కొనసాగాయి. 2018లో ట్రంప్ వాటిని మార్చాలన్నాడు: పైన తెలుపు, నడుమ ఎర్ర చార, అడుగున ముదురు నీలం. ఇవి జాతీయ పతాకపు వర్ణాలే కదా, తప్పేమిటని ఆయన పక్షంవారి వాదం. వాదం తీసిపారవేయదగినది కాదు. కాని ఆయన సొంత విమానానికీ అవే వర్ణాలు, దానిమీద పెద్ద అక్షరాలలో ఆయన పేరు. పోలిక యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. 2019లో ప్రతినిధుల సభకు చెందిన ఒక సంఘం, అనుమతి లేనిదే రంగులు మార్చరాదని సవరణ కూడ ప్రతిపాదించింది.

మన కవిసమయంలో కీర్తి తెల్లనిది, అనురాగం ఎర్రనిది. ఇంజనీర్లకు ఈ సమయాలతో పని లేదు. ముదురురంగు ఎండను ఎక్కువగా పీల్చుకొంటుంది; అడుగుభాగం ముదురు నీలమైతే ఆ వేడికి కొన్ని పరికరాలను మళ్ళీ పరీక్షించవలసి వస్తుందని 2022లో వాయుసేన తెలిపింది. 2023 మార్చిలో బైడెన్ ప్రభుత్వం లోవీ పద్ధతినే, నీలం కొద్దిగా ముదర్చి, నిర్ణయించింది. 2025లో ట్రంప్ తిరిగి పదవికి రావడంతో ఎరుపు మాట కూడ తిరిగి వచ్చింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. నేడు సంప్రదాయమంటున్నది కూడ ఒకనాటి అధ్యక్షుని ఇష్టమే. కెన్నెడీకి లేని తప్పు ట్రంప్‌కు ఎలా వచ్చిందని ఎవరైనా అడగవచ్చు. నా సమాధానం ఇది. కెన్నెడీ సైన్యం పేరు తీయించి దేశం పేరు పెట్టించాడు. తరువాత పదిమంది అధ్యక్షులు, రెండు పక్షాలవారు, దాని జోలికి పోలేదు. విజయనగరంలో సంగమ, సాళువ, తుళువ వంశాలు మారినా శాసనాల చివర ‘శ్రీ విరూపాక్ష’ అన్న వ్రాలు మారలేదు. పరమవైష్ణవుడైన కృష్ణదేవరాయలు కూడ ఆ వ్రాలే ఉంచాడు. తనకు వేంకటేశ్వరుడు ఇష్టదైవమని దానిని దిద్దలేదు.

ఇక మన సంగతి. ఎయిరిండియా ప్రభుత్వ సంస్థగా ఉన్న రోజులలో ప్రధానమంత్రుల విదేశయానాలకు దాని 747లనే వాడేవారు. కిటికీల చుట్టూ రాజస్థానీ ఝరోకాల ఎర్రని అలంకారం వాటి గుర్తు. 1989లో సంస్థ దానిని మార్చబోయి, ఎర్ర తోకమీద బంగారు సూర్యచక్రంతో తెల్లని వేషం వేయించింది. ప్రయాణికులు సణిగారు, రెండేళ్ళలో ఝరోకాలు తిరిగివచ్చాయి. 2020 అక్టోబరులో రాష్ట్రపతి, ప్రధానుల కోసం 777 వచ్చింది. దానిమీద ఏ సంస్థ అలంకారమూ లేదు. అశోకస్తంభపు సింహాలు, తోకపై త్రివర్ణం, నాగరిలో ‘భారత్’, ఆంగ్లంలో ‘ఇండియా’. ఝరోకాలు పోయినందుకు నాకు కొంత బెంగ ఉన్నా, దేశం పేరే ప్రధానంగా నిలిచినందుకు సంతోషించాను. ఆ నాగరి అక్షరాలను మాత్రం ఇంకొంచెం శ్రద్ధగా తీర్చి ఉండవలసింది. లోవీ ఒక పాత పత్రం వెదకి పట్టుకొన్నాడు. మనకు వెదకడానికి ఎన్ని శాసనాలు లేవు!