స్వరమును లిఖించిన యవన పండితులు

వృత్రాసురుని జన్మవృత్తాంతం వేదాధ్యయనపరులకు సుపరిచితం. పుత్రశోకంతో దగ్ధుడైన త్వష్ట, ఇంద్రుని సంహరింపగల కుమారుని కోరి హోమం చేశాడు. మంత్రంలోని 'ఇంద్రశత్రు' పదంలో ఉదాత్తం అంత్యాక్షరంపై నిలువవలసి ఉండగా ఆద్యక్షరంపై పడింది. తత్పురుషం బహువ్రీహి అయింది. 'ఇంద్రుని చంపువాడు' అనే అర్థం తొలగి, 'ఇంద్రుడు ఎవనికి హంతయో అతడు' అనే అర్థం సిద్ధించింది. అక్షరం ఒక్కటీ మారలేదు. స్వరం మారింది, ఫలం తలక్రిందులయింది.

ఇట్టి స్వరసూక్ష్మం వేదభాషకు మాత్రమే పరిమితం కాదు. ప్రాచీన యవన భాషలో 'మేత్రోక్తోనోస్' అనే సమాసం ఉన్నది. ఉపాంత్యాక్షరంపై ఉచ్చస్వరం పలికితే 'తల్లిని చంపినవాడు' అని అర్థం. దానికి ముందరి అక్షరంపై పలికితే 'తల్లిచే చంపబడినవాడు' అని అర్థం. 'పాదం' అనే అర్థంగల శబ్దంలో సామ్యం మరింత ఆశ్చర్యకరం. వేదభాషలో ద్వితీయైకవచనమైన 'పాదమ్' నందు ఉదాత్తం మొదటి అక్షరంపై, షష్ఠియైన 'పదః' నందు విభక్తిపై ఉంటుంది. యవన భాషలోని 'పొద', 'పొదోస్' రూపాలలోనూ స్వరం అదే విధంగా స్థానం మారుతుంది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దిలో రోములో నివసించిన డయొనీసియస్ అనే అలంకారికుడు, యవనుల సంభాషణలో స్వరం యొక్క ఆరోహణావరోహణలు సుమారు షడ్జ పంచమాల నడుమ ఉన్న అంతరం మేరకు ఉంటాయని వ్రాశాడు.

ఈ స్వరం చాలాకాలం గ్రంథస్థం కాలేదు. మాతృభాషగా పలికేవారికి చిహ్నంతో పనిలేదు. అలెగ్జాండరు దిగ్విజయం తరువాత యవన భాష ఈజిప్టు మొదలుకొని బాక్ట్రియా వరకు వ్యాపించింది. పరభాషీయులు దానిని అభ్యసింపసాగారు. అప్పుడు ఉచ్చారణను నిర్దేశించే ఉపాయం కావలసివచ్చింది.

ఆ కార్యానికి కేంద్రమైనది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరం. టాలమీ రాజుల పోషణలో అక్కడ మహాగ్రంథాలయం వెలసింది. తొలి అధిపతిగా ప్రసిద్ధుడైన జెనొడొటస్, హోమరు కావ్యాలలో సంశయాస్పదమైన పంక్తుల ప్రక్కన ఒక అడ్డగీత ఉంచాడు. తనకు సందేహమున్నంత మాత్రాన పూర్వుల వాక్కును తుడిచివేయక, చదువరి విచారణకు విడిచిపెట్టే మార్గమది. అనంతరం వచ్చిన బైజాంటియం వాస్తవ్యుడు అరిస్టోఫనీస్ ఉచ్చ, నీచ, ఉభయాత్మక స్వరాలకు మూడు చిహ్నాలను ఏర్పరచినట్లు సంప్రదాయం చెబుతున్నది. ఉదాత్తానుదాత్తస్వరితాలను ఎరిగినవారికి ఈ విభాగం పరాయిదిగా తోచదు. ఆయన తరువాతివాడు అరిస్టార్కస్. క్రీస్తుపూర్వం 145లో ఎనిమిదవ టాలమీ పండితులను వెళ్ళగొట్టగా, ఆ మహావిద్వాంసుడు సైప్రస్ ద్వీపంలో ప్రవాసిగా మరణించాడు.

పండితులు చెదరినా చిహ్నాలు నిలిచాయి. గొంతు మాత్రం నిలువలేదు. క్రీస్తుశకం నాలుగవ శతాబ్ది నాటికి యవన భాషలో స్వరోచ్చత్వం అంతరించి, దాని స్థానంలో ఊనిక మాత్రం మిగిలింది. మూడు చిహ్నాలకూ ఒకే ఉచ్చారణ వచ్చింది. అయినను లేఖకులు తమ చెవికి వినబడని స్వరాలను శతాబ్దాల తరబడి విడువక వ్రాశారు. అట్టి శ్రద్ధకు సాక్ష్యం పదవ శతాబ్ది నాటి ఇలియడ్ తాళపత్రసమానమైన చర్మపత్ర ప్రతి. దాని అంచులలో అరిస్టార్కస్ సంకేతాలు, ప్రాచీన వ్యాఖ్యలు ఉన్నాయి. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనమైన పిమ్మట యవన గ్రంథాలను కూర్చిన బెస్సారియన్ అనే మతాచార్యుడు 1468లో తన భాండారాన్ని వెనీసు నగరానికి సమర్పించాడు. ఆ ప్రతి అందులోనిదే. 1788లో విల్వాజొన్ అనే ఫ్రెంచి పండితుడు దానిని ప్రకటించాడు. గ్రీసు దేశంలో 1982లో ప్రభుత్వమే ఆ చిహ్నాలను ఒక్కటిగా కుదించింది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా భాషావేత్తలు యవన చిహ్నాలను వేదస్వరంతో పోల్చి చూచారు. అనేక పదాలలో రెండింటి స్థానం ఒక్కటే. 1870ల దశకంలో డెన్మార్కు దేశీయుడు కార్ల్ వెర్నెర్, జెర్మానిక్ భాషలలో అంతవరకు అపవాదాలుగా తోచిన వర్ణవికారాలను ఈ ప్రాచీన స్వరస్థానంతోనే సమన్వయించాడు.

యవనులు స్వరాన్ని పత్రంపై దాచారు. ఋషిసంతతి కంఠంలో దాచింది. పద, క్రమ, జటా, ఘన పాఠాలు ఆ కంఠానికి కట్టిన రక్షలు. అయినను ఆత్మప్రశంసకు ఇక్కడ తావు లేదు. ఋగ్వేదానికి 21, యజుస్సుకు 101, సామానికి 1000, అథర్వానికి 9 శాఖలని పతంజలి చెప్పాడు. వాటిలో నేడు వినవచ్చేవి అతిస్వల్పం. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి వారసత్వంగా ప్రకటించడం గౌరవమే. కాని అధ్యేత లేని శాఖకు ఏ ప్రకటనయూ ప్రాణం పోయలేదు.

కంఠం తెగిన పిదప చిహ్నం స్వరస్థానాన్ని చూపగలదే కాని, ఆ నాదాన్ని వినిపింపజాలదు. యవన పండితుల చరిత్ర బోధించేది ఇదే. గురుముఖం, శిష్యకర్ణం ఎదురెదురుగా ఉన్నంతకాలమే స్వరం సజీవం.

స్వస్తి.