సంత, కాఫీ హోటలు, ఆట: దమ్మపేట సరిహద్దు సీమలో ఒక సరదా చరిత్ర

దమ్మపేట నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మండల కేంద్రం. 2016 దాకా ఖమ్మం జిల్లాలోనూ, 1953లో ఆ జిల్లా ఏర్పడక ముందు వరంగల్ జిల్లాలోనూ ఉండేది. 1948 వరకు ఈ సీమ నిజాం రాజ్యానికి తూర్పు కొస. కొద్ది దూరం పోతే మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలు వచ్చేవి. ఉత్తరాన అడవి, అందులో కోయ గూడేలు. ఇల్లు దాటి నలుగురిలో కూర్చుని తినడం, తాగడం, ఆట చూడడం అనే సరదా ఇక్కడ ఈ మూడు లోకాల నుంచీ వచ్చింది.

అన్నిటికంటే పాతది సంత. అడవి పల్లెలకు వారానికోసారి జరిగే సంతే బజారు, బంధువుల కలయిక, వినోదం. ఇప్పపువ్వు, చింతపండు, తేనె, చీపుళ్లు అమ్మి ఉప్పు, బట్ట, ఎండుచేపలు కొనుక్కున్నాక మిగిలిన పొద్దంతా ఆ కలయికకే. కాఫీ, టీ ఇంకా రాని ఆ కాలంలో తాగేది జీలుగు కల్లు, తాటికల్లు, ఇప్పసారా. ఆట అంటే కోడిపందెం. గోదావరికి అవతల బస్తర్ సంతల్లో నేటికీ దుకాణాలకు ఒక పక్కన పందెం బరి ఉంటుంది. తిండి దొరికే చోటికే ఆట వచ్చి చేరడం ఇక్కడ మొదటి నుంచీ ఉన్న పద్ధతి, తర్వాత వచ్చినవన్నీ దాన్నే అనుసరించాయి.

మైదాన ప్రాంతంలోనూ కోడిపందేనికి మూలాలు లోతుగా ఉన్నాయి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధానికి నాగమ్మ, బ్రహ్మనాయుడు కట్టిన కోడిపందెమే దారితీసిందని వీరగాథ చెబుతుంది. కోళ్ల రంగులు, తిథులు, దిక్కులను బట్టి గెలుపోటములు చెప్పే కుక్కుట శాస్త్రం కూడా పుట్టింది. డేగ, కాకి, నెమలి, పింగళ, సేతువ అనే పేర్లు గోదావరి జిల్లాల్లో పందెం కోడి జోలికే వెళ్లని వాళ్లకూ తెలుసు.

కాఫీ వచ్చింది దక్షిణం నుంచి. 17వ శతాబ్దంలో బాబా బుడన్ యెమెన్ నుంచి గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని ప్రతీతి. తోటలు విస్తరించింది బ్రిటిషు వాళ్ల కాలంలో. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలకు మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల్లో కాఫీ హోటళ్లు నిలదొక్కుకున్నాయి. ఉడిపి వాళ్లు నడిపే ఇడ్లీ, దోసె హోటళ్లు తెలుగు జిల్లాల్లోకీ వచ్చాయి. కృష్ణా, గోదావరి తీరాల పెసరట్టు, ఉప్మా వాటి పక్కన చేరాయి. గోదావరి మన్యంలో, విశాఖ మన్యంలో కాఫీ సాగు బ్రిటిషు కాలంలోనే మొదలైంది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

నిజాం రాజ్యం దారి వేరు. ఇరాన్ నుంచి బొంబాయి, పుణెల మీదుగా వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ వాళ్లు పాలరాతి బల్లల హోటళ్లు తెరిచారు. అక్కడ టీ, ఉస్మానియా బిస్కెట్టు, సమోసా. ఒక్క కప్పు ముందు పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుకునే అలవాటును నగరానికి నేర్పింది ఆ హోటళ్లే. అంటే దమ్మపేట లాంటి సరిహద్దు ఊళ్లకు ఒకవైపు కాఫీ నాడు, మరోవైపు టీ నాడు. తర్వాత కృష్ణా, గోదావరి జిల్లాల రైతు కుటుంబాలు సత్తుపల్లి, అశ్వారావుపేట ప్రాంతాలకు వలస వచ్చి పొలాలు, తోటలు వేసినప్పుడు వాళ్ల వంటా వెంట వచ్చింది. రోడ్డు పక్క పాకలో పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు, సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీ. టీ చవక కాబట్టి కూలీలు, లారీల వాళ్లు దానివైపే మొగ్గారు.

ఈ హోటళ్ల బల్లలు అందరివీ కావు. తెలుగు పల్లెల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టి, తాగాక వాళ్లతోనే కడిగించి, బయటే నిలబెట్టే రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. రాజ్యాంగం 1950లో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం హోటలు ప్రవేశాన్ని అడ్డుకోవడాన్ని నేరంగా ప్రకటించింది. అయినా ఆ గ్లాసును తీయించడానికి ఊరూరా పోరాటాలు చేయాల్సి వచ్చింది. హోటలును అందరూ కలిసే చోటని కీర్తించే ఏ చరిత్రా ఈ సంగతిని దాటేయకూడదు.

పట్టణపు ఆటలు హోటలుకు చేరింది రేడియో ద్వారా. హైదరాబాదులో ఫుట్‌బాల్ అప్పటికే పెద్ద మోజు. సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన ఎస్.ఎ. రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1955 నవంబరులో హైదరాబాదు ఫతే మైదానంలో న్యూజిలాండ్‌తో జరిగిన క్రికెట్ టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడి తొలి డబుల్ సెంచరీ అదే. మైదానం దాకా వెళ్లలేని వాళ్లకు వ్యాఖ్యానమే ఆట. ట్రాన్సిస్టర్లు చవకయ్యాక అది చిన్న ఊళ్లకూ పాకింది. వ్యాఖ్యానం ఎక్కువగా ఇంగ్లీషులో, హిందీలో వచ్చేది. ఆ మాట అర్థమైన ఒకరిద్దరు చెబితే మిగతా వాళ్లు వినేవాళ్లు. టీ చల్లారిపోయినా ఎవరూ కదిలేవాళ్లు కాదు.

టీవీ ఆలస్యంగా వచ్చింది. 1983 జూన్ 25న భారత్ క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన నాటికి గ్రామీణ తెలుగు ప్రాంతంలో చాలా చోట్లకు దూరదర్శన్ ప్రసారాలే అందేవి కావు. ఆ ఏడాదే ఇన్సాట్-1బి కక్ష్యలోకి వెళ్లడం, తర్వాత చిన్న ట్రాన్స్‌మిటర్లు విరివిగా వెలియడం పరిస్థితిని మార్చాయి. ఇంట్లో టీవీ లేని వాళ్లకు హోటలు గోడ మీది పెట్టే ప్రేక్షకశాల. 1990లలో కేబుల్ వచ్చింది. 2008లో ఐపీఎల్ మొదలై, మరుసటి ఏడాదే డెక్కన్ ఛార్జర్స్ కప్పు గెలవడంతో సాయంత్రపు బజ్జీల వేళ, మ్యాచ్ వేళ ఒక్కటయ్యాయి. 2014లో మొదలైన ప్రో కబడ్డీ మరో రకంగా గొప్పది. ఊరి మట్టిలో ఆడే ఆటనే అది తెర మీదికి తెచ్చింది, తెలుగు టైటాన్స్ పేరుతో ఒక జట్టునూ ఇచ్చింది.

సంక్రాంతి వచ్చిందంటే మాత్రం తెర వెనక్కి తగ్గుతుంది. కబడ్డీ, వాలీబాల్ పోటీలు, ఎడ్ల బండలాగుడు చూడడానికి జనం ప్రత్యక్షంగా కదులుతారు. ఖమ్మం వైపు నుంచి సరిహద్దు దాటి గోదావరి జిల్లాల కోడిపందేలకు వెళ్లే వాళ్లూ ఎక్కువే. పెద్ద బరుల దగ్గర టెంట్లు, ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు, వరసగా పకోడీ, బిర్యానీ, టీ, కాఫీ దుకాణాలు. అడవి సంతలోని అమరికే ఇక్కడ డబ్బుతో వందరెట్లు పెరిగింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఈ పందేలను నిషేధించాయి. హైకోర్టు 2016లో ఆ నిషేధాన్ని కచ్చితంగా అమలు చేయాలని ఆదేశించింది. కాలికి కత్తి కట్టిన కోడి నిమిషాల్లో చచ్చిపోతుంది, పందెంలో ఓడిన కుటుంబాలు అప్పులపాలవుతాయి. సంప్రదాయం పేరు చెప్పినంత మాత్రాన ఆ రెండు నష్టాలూ తగ్గవు.

దమ్మపేట చుట్టుపక్కల ఇప్పుడు పామాయిల్ తోటలు పరచుకున్నాయి, గెలలు మోసే ట్రాక్టర్లతో రోడ్లు రద్దీగా ఉంటాయి. మ్యాచ్ ఇప్పుడు ప్రతి చేతిలోని ఫోన్లోనూ వస్తుంది. అయినా ముఖ్యమైన పోటీ ఉన్న రోజున జనం టీ కొట్ల దగ్గర ఒకే తెర ముందు గుమిగూడడం తెలుగు ఊళ్లలో కొనసాగుతూనే ఉంది.