హార్వర్డు గుమ్మం వద్ద విద్యార్థి జాతకం

ఉన్నత పాఠశాలలో చదువుతున్న మా అమ్మాయికి హార్వర్డులో గాని, యేల్‌లో గాని సీటు వచ్చే అవకాశం ఎంత? అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ ప్రశ్న తరచు వినవచ్చేదే. హైదరాబాదులో, విజయవాడలో ఉండి పిల్లలను అక్కడికి పంపదలచిన వారి ఇళ్ళలోనూ ఇది వినబడుతున్నది. ర్యాంకులకు అలవాటుపడిన మనకు దీనికి సమాధానం సులభంగా దొరకవలెనని తోస్తుంది. నిరుడు చివరి సీటు ఏ ర్యాంకుకు దక్కినదో చూచి, మన ర్యాంకును దాని ప్రక్కన పెట్టుకొంటే సరిపోదా? అమెరికాలోని ఆ కొద్ది కళాశాలల విషయంలో ఈ లెక్క సాగదు. అది సాగకుండా చేసినది కాలం కాదు, మనుష్యులు. ఎప్పుడు, ఎందుకు చేసినారో చరిత్రలో స్పష్టంగానే ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈ ప్రశ్నకు అర్థమే లేదు. అప్పుడు కళాశాల కోరినది ఉత్తీర్ణత మాత్రమే. అంతకు పూర్వం ఏ కళాశాల పరీక్ష దానిదే గనుక, ఒకే బడిలోని పిల్లలు నాలుగు కళాశాలలకు పోదలచితే ఉపాధ్యాయుడు నాలుగు విధాల పాఠం చెప్పవలసి వచ్చేది. ఈ చిక్కు తీర్చడానికి 1900లో కాలేజి ప్రవేశ పరీక్షల బోర్డు ఏర్పడినది. 1901 జూన్‌లో అది జరిపిన తొలి పరీక్షలకు కూర్చున్నవారు 973 మంది. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు, చరిత్ర, గణితం, భౌతిక రసాయన శాస్త్రాలు అందులోని విషయాలు. ఛార్లెస్ ఎలియట్ అధ్యక్షుడుగా ఉన్న హార్వర్డు 1905లో ఈ పరీక్షలను స్వీకరించినది. పరీక్షలో నెగ్గినవానికి సీటు ఉన్నట్లే. ఒకటి రెండు విషయాలలో తప్పినా, తరువాత పూర్తి చేయవలెనన్న షరతుతో చేర్చుకొనేవారు. తరగతికి ఇంతమందే అన్న హద్దు లేదు. తన అవకాశమెంతో కుర్రవాడు తన పుస్తకాల బల్ల దగ్గర కూర్చుండి తానే తేల్చుకోగలిగేవాడు.

అది ధర్మయుగమని భ్రమపడ నక్కరలేదు. లాటిన్ చెప్పే బడి దొరకని పల్లెటూరి పిల్లవానికి గాని, ఫీజు కట్టలేని కూలివాని కొడుక్కు గాని ఆ తలుపు మూసి ఉన్నట్లే లెక్క. ఆడపిల్లల మాట సరేసరి. యేల్, ప్రిన్స్‌టన్ కళాశాలలు వారిని డిగ్రీ తరగతులలో చేర్చుకొన్నది 1969లో. కాని, ఉన్నంతమేరకు నియమం మాత్రం అందరికీ తెలిసినదే.

ఆ నియమమే పెద్దలకు ఇబ్బంది తెచ్చిపెట్టినది. తూర్పు ఐరోపా నుండి వలస వచ్చిన యూదుల పిల్లలు న్యూయార్కు, బోస్టను నగరాల ప్రభుత్వ పాఠశాలలలో చదివి, పరీక్షలలో నెగ్గి, బారులు తీరి రాసాగినారు. 1922 నాటికి హార్వర్డు మొదటి సంవత్సరం తరగతిలో ఐదవ వంతుకు పైగా వారే. ఎలియట్ తరువాత 1909లో అధ్యక్షుడైన లారెన్స్ లోవెల్‌కు ఇది ప్రమాదంగా తోచినది. యూదుల సంఖ్య నూటికి 15కు మించరాదని ఆయన బాహాటంగానే ప్రతిపాదించినాడు. పత్రికలలో గగ్గోలు పుట్టినది. విచారణకు వేసిన అధ్యాపక సంఘం 1923లో ఆ ప్రతిపాదనను త్రోసివేసినది. అంతటితో ఆగక, దేశంలోని ఏ పాఠశాలలోనైనా తరగతిలో మొదటి ఏడవ వంతులో నిలిచినవారిని పరీక్ష లేకుండానే చేర్చుకోవచ్చునని మరొక మార్గం తెరచినది. పడమటి, దక్షిణ రాష్ట్రాల పిల్లలను ఆకర్షించడం దాని ఉద్దేశం. ఆ త్రోవనూ యూదు విద్యార్థులే ఎక్కువగా ఉపయోగించుకొన్నారు. 1925 నాటికి వారి పాలు నాలుగవ వంతు దాటినది.

ఇక్కడ జరిగిన మలుపును శ్రోతలు ప్రత్యేకంగా గమనింప ప్రార్థన. బాహాటంగా వీలుకాని పనిని లోవెల్ చాటుగా నెరవేర్చినాడు. 1926లో తరగతికి సుమారు 1000 మందే అని హద్దు విధించినారు. హద్దు ఏర్పడగానే ఉత్తీర్ణులలో మరల ఏరుకోవలసిన అవసరం కలిగినది. ఏరడానికి కొలబద్ద యేమి? శీలం, వ్యక్తిత్వం! శీలాన్ని అధికారులు స్వయంగా అంచనా కట్టడమే యూదుల సంఖ్యను అరికట్టడానికి సాధనమని లోవెల్ తన లేఖలలో దాపరికం లేకుండా వ్రాసుకొన్నాడు. ముఖాముఖి పరిచయం, పెద్దల సిఫారసు, దరఖాస్తుతో ఛాయాచిత్రం – ఇవన్నీ ప్రవేశ విధానంలో పాతుకొన్నవి. హార్వర్డు దరఖాస్తు పత్రం అంతకు ముందే, 1922లోనే, మతమేది, తల్లి పుట్టింటి పేరేమి, తండ్రి జన్మస్థల మెక్కడ అని అడగసాగినది. పుట్టిన తరువాత విద్యార్థి పేరు గాని, తండ్రి పేరు గాని మారినదా అన్న ప్రశ్న కూడ అందులో ఉన్నది. వలస వచ్చి పేరు మార్చుకొన్నవారిని పట్టుకొనే గాలం అది. కొలంబియా విశ్వవిద్యాలయం ఈ మార్గంలో హార్వర్డు కంటె ముందే నడచినది.

ఒక చెడ్డ పనికై పుట్టిన పద్ధతి ఆ పని ముగిసిన తరువాత కూడ బ్రతికి ఉండడం లోకంలో క్రొత్త కాదు. యూదులపై ఆంక్షలు రెండవ ప్రపంచ యుద్ధం తరువాత క్రమంగా సడలినవి. ‘మొత్తం మనిషిని చూస్తాము’ అన్న మాట మాత్రం నిలిచిపోయినది. దానిలో మంచి లేకపోలేదు. మార్కులు చెప్పలేని గుణాలు మనుష్యులలో ఉన్న మాట నిజమే. కాని ఆ మాట ఎవరి చేతిలో ఉంటే వారికి అనుకూలంగా వంగుతుంది.

ఇదే కాలంలో మరొక పాయ బయలుదేరినది. 1926 జూన్‌లో శాట్ అనే సామర్థ్య పరీక్షను మొదటిసారి 8,040 మంది వ్రాసినారు. దీనిని రూపొందించిన ప్రిన్స్‌టన్ ఆచార్యుడు కార్ల్ బ్రిగామ్, సైనికుల బుద్ధిపరీక్షల ఆధారంతో ఉత్తర ఐరోపా జాతులే మేలైనవని 1923లో ఒక గ్రంథం వ్రాసినవాడు. 1930లో ఆయనే ఆ వాదాన్ని ఉపసంహరించుకొన్నాడు. ఆ పరీక్షను 1930 తరువాతి దశకంలో తద్భిన్నమైన పనికి వాడుకొన్నవాడు లోవెల్ తరువాత హార్వర్డు అధ్యక్షుడైన జేమ్స్ కోనంట్. ధనికుల బడులకు దూరంగా ఉన్న తెలివైన పిల్లలను వెదికి తెచ్చి, భోజన వసతులతో సహా చదివించే జాతీయ వేతనాలను ఆయన 1934లో ప్రారంభించినాడు. వారిని గుర్తించడానికి హెన్రీ ఛాన్సీ అనే యువ అధికారి శాట్‌ను ఎన్నుకొన్నాడు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణపు బడిలో చదివిన జేమ్స్ టోబిన్ ఆ వేతనంతో 1935లో హార్వర్డు చేరినాడు. 1981లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందిన టోబిన్ ఆయనే. పరీక్ష అనేది లేకపోతే అటువంటివాని ఊరు హార్వర్డు అధికారులకు తెలిసే త్రోవ ఏది?

యుద్ధానంతరం దరఖాస్తులు వెల్లువెత్తినవి. 1952 నుండి 1960 వరకు హార్వర్డు ప్రవేశ శాఖాధిపతిగా ఉన్న విల్బర్ బెండర్, కేవలం మేధావులనే ఏరుకొంటే కళాశాల నిస్సారమవుతుందని వాదించినాడు. క్రీడాకారులు, పూర్వవిద్యార్థుల బిడ్డలు, సంగీతజ్ఞులు, మారుమూల రాష్ట్రాలవారు – అందరూ కలిస్తేనే తరగతి అని ఆయన మతం. దాతల బిడ్డలు కూడ అందులో ఉన్నారని వేరుగా చెప్పనక్కరలేదు. 1960 తరువాతి దశకంలో నల్లజాతి విద్యార్థులకు అదే మార్గాన చోటు కల్పించినారు. 1978లో బాకీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు జాతివారీగా సీట్లు కేటాయించడం కూడదన్నప్పుడు, న్యాయమూర్తి పావెల్ మెచ్చి చూపిన నమూనా హార్వర్డుదే.

తెరవెనుక ఏమి జరిగేదో లోకానికి తెలిసినది 2018లో. ఆసియా సంతతివారి పట్ల వివక్ష చూపుతున్నారని 2014లో దాఖలైన వ్యాజ్యం విచారణకు వచ్చినప్పుడు, హార్వర్డు తన కాగితాలు బోస్టను న్యాయస్థానంలో పెట్టవలసి వచ్చినది. ప్రతి విద్యార్థికి చదువు, ఇతర వ్యాసంగాలు, క్రీడలు, వ్యక్తిత్వం – వీనిలో 1 మొదలు 6 వరకు అంకెలు వేస్తారు. 1 అన్నింటికంటె మేలు. చదువులో 1 నూటికి ఒక్కరికి కూడ రాదు. ఇక మంచి మార్కుల సంగతి చూడండి. ఒక సంవత్సరం అమెరికాలోనే ఉన్న సుమారు 26,000 మంది దరఖాస్తుదారులలో గణితంలో శాట్ పూర్తి మార్కులు తెచ్చుకొన్నవారు 3,000కు పైగా ఉన్నారు. బడి మార్కులు పరిపూర్ణంగా ఉన్నవారు 8,000కు మించినారు. తరగతిలో చోటు సుమారు 1,600. మార్కులు గుమ్మం దాకా తెస్తవి. లోపలికి పిలిచేది మరొకటి.

ఆ మరొకటి ఏదో అంకెలే చెప్పినవి. కళాశాల జట్లకు ఎంపిక చేసిన క్రీడాకారులలో నూటికి 80 మందికి పైగా సీట్లు దక్కినవి. పూర్వవిద్యార్థుల బిడ్డలలో మూడవ వంతు చేరగలిగినారు. చేరిన తెల్లజాతివారిలో నూటికి 43 మంది క్రీడాకారులో, పూర్వవిద్యార్థుల లేక సిబ్బంది బిడ్డలో, అధికారులు ప్రత్యేకంగా గుర్తుంచుకొన్నవారో! వ్యక్తిత్వపు అంకెలో ఆసియా సంతతివారికి తక్కువ వచ్చినదన్నది ఫిర్యాది పక్షపు ముఖ్య వాదం. 1926 నాటి ‘శీలం’ ఎవరికైనా జ్ఞాపకం వస్తే తప్పు పట్టలేము. జిల్లా న్యాయమూర్తి 2019లో వివక్ష లేదని తీర్పు చెప్పినారు. సుప్రీంకోర్టు 2023 జూన్ 29న ప్రవేశాలలో జాతిని లెక్కించరాదని దానిని త్రోసివేసినది.

కాబట్టి తల్లిదండ్రులు పత్రికలలో చూచే శాతం ఎవరి అవకాశమూ కాదు. 2024లో చేరిన తరగతికి 54,008 దరఖాస్తులు వస్తే హార్వర్డు 1,937 మందిని అంగీకరించినది. అనగా నూటికి 3.6. పైన చెప్పిన ప్రత్యేక వర్గాలవారిని తీసివేస్తే, మిగిలిన సామాన్యుని పాలు అంతకంటె తక్కువే అవుతుంది. పది కళాశాలలకు వ్రాస్తే ఎక్కడో ఒకచోట తగులుతుందన్న మరొక లెక్క ఉన్నది. ఒక్కొక్కచోట నూటికి 5 అనుకొంటే, పది వేరువేరు లాటరీలైతే ఎక్కడో ఒకచోట గెలిచే అవకాశం నూటికి 40 వస్తుంది. కాని పదిచోట్లా చదివేది అదే మార్కుల పట్టీ, అవే సిఫారసు లేఖలు. ఒకచోట వారికి తోచిన కొరత తక్కినచోట్ల వారికీ తోచవచ్చును. 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఒకే శాట్ మార్కులున్న పిల్లలలో అత్యంత ధనికులైన నూటికి ఒక్కరి బిడ్డలు ఇటువంటి కళాశాలలలో చేరే అవకాశం మధ్యతరగతి బిడ్డలకంటె రెట్టింపుకు మించి ఉన్నదని తేలినది. ఏ కుర్రవాని జాతకమైనా ఈ గ్రహాలన్నింటినీ చూచి చెప్పవలసినదే. ధైర్యంగా అంకె చెప్పి సొమ్ము పుచ్చుకొనే సలహాదారులు మాత్రం అక్కడా కొల్లలుగా ఉన్నారు.

మహమ్మారి కారణంగా 2020లో పరీక్షా మార్కులు ఐచ్ఛికమైనవి. 2022లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డు మార్కులను తిరిగి కోరినవి. మార్కులు పంపకపోవడం వలన బీద విద్యార్థులే ఎక్కువ నష్టపోతున్నారని డార్ట్‌మత్ పరిశీలనలో కనబడినది. టోబిన్‌ను వెదికి పట్టిన సాధనానికి ఆ విధంగా మరల అక్కర కలిగినది. తన జీవితంపై జాతి ప్రభావమేమిటో విద్యార్థి వ్యాసంలో వ్రాసుకోవచ్చునని 2023 తీర్పులోనే ఒక సందు మిగిలినది. ఆ వేసవిలోనే హార్వర్డు తన దరఖాస్తు పత్రాన్ని మార్చి, వెనుకటి ఐచ్ఛిక వ్యాసం స్థానంలో అయిదు చిన్న ప్రశ్నలను అందరికీ తప్పనిసరి చేసినది.